నీళ్ల చప్పుడుకి వచ్చేవాళ్లు

రెండూ యాభైకి మొదలుపెట్టాను. ఎపిసోడ్ యాభై రెండు నిమిషాలు, నాలుగింటిలోపు ఏదో ఒకటి చెప్పేయాలి. ఎక్కడా ఆపకుండా చూస్తే నాకు పద్దెనిమిది నిమిషాలు మిగులుతాయి. ఆ పద్దెనిమిది నిమిషాల్లో నేను తేల్చాల్సింది ఒక్కటే. పదకొండు నెలల కిందట పోయిన మా ఆయన ఊపిరి చప్పుడు ఈ దయ్యాల సీరియల్‌లో ఉండాలా, వద్దా. పొద్దున ఫోన్‌లో మా అమ్మాయి ఆ మాట చెప్పినప్పుడు చేతిలో పాలగిన్నె ఉంది, దాన్ని దించాలని కూడా తోచలేదు. "అమ్మా, ఆరో ఎపిసోడ్‌లో నాన్న ఉన్నాడు," అంది. "ఉన్నాడంటే?" అన్నాను. "ఊపిరి," అంది. ఎక్కడుందో చెప్పనంది. తను చెప్తే నేను అక్కడికే వెళ్లి విని, గబుక్కున వద్దనేస్తానట, మొదటినుంచీ చూడాలట. నేను వద్దంటే నాలుగింటికి తీసేసి వేరేది పెడుతుంది, ఆ తరువాత ఎవరూ ఏమీ మార్చడానికి వీల్లేదు, అక్కడితో తాళం పడిపోతుంది. అందుకే మధ్యాహ్నం భోజనం గిన్నెలు సింకులో నానేసి, అమ్మాయి ఎప్పుడో కొరియర్‌లో పంపిన ఈ పెద్ద హెడ్‌ఫోన్లు చెవులకి తగిలించుకుని, భోజనాల బల్ల దగ్గర పరీక్ష రాయబోయే పిల్లలా కూర్చున్నాను.

మొదట దుమ్ము. తెర నిండా దుమ్ము, అందులోంచి ఒక రోడ్డు, తిరగబడ్డ బస్సు, బస్సు కింద నీడలో ఒక చెప్పు. ఈ సీరియల్ లోకంలో వాన పడి తొమ్మిదేళ్లయింది. చచ్చినవాళ్లు చచ్చినట్టు ఉండరు, ఎండిపోయి లేచి తిరుగుతుంటారు, వాళ్లని ఎండినవాళ్లు అంటారు. వాళ్లకి కళ్లు పనిచేయవు, చెవులే. అదీ ఒక్క చప్పుడుకే, నీళ్ల చప్పుడుకి. ఎక్కడ చుక్క పడినా మైలు దూరం నుంచి వచ్చేస్తారు. అందుకని బతికినవాళ్లు నీళ్లు పోసుకోరు, వంచుకోరు, గుక్క కూడా వేయరు. గుడ్డముక్క తడిపి నోట్లో పెట్టుకుని చప్పరిస్తారు. మొదటి ఎపిసోడ్ చూసినప్పుడే అమ్మాయితో అన్నాను, "మరి ఏడిస్తేనో?" అని. "నాలుగో ఎపిసోడ్ అదేనమ్మా," అని నవ్వింది. కథ రాసినవాళ్ల కంటే ముందే పట్టేశావంది. గిన్నెలు తోమేవాళ్లకి నీళ్ల సంగతి తెలియదా మరి.

బస్సు వెనకనుంచి ఒకడు వచ్చాడు, ఎండినవాడు. మెడ తిప్పాడు. నా భుజాలు రెండూ పైకి లేచాయి. ఆ నోరు తెరుచుకుంటుంటే ఆయనదే వస్తుందేమోనని, ఆ రాత్రుళ్లలో విన్నదే వస్తుందేమోనని బల్ల అంచు పట్టుకున్నాను. కాదు. కిర్రుమని వచ్చింది. ఆ కిర్రు నాకు తెలుసు. మా స్టోరు గది అల్మరా కింది తలుపు అది, నూనె వేయమని ఆయనతో రెండేళ్లు చెప్పాను, చివరికి ఆయన నూనె డబ్బా తీసుకుని బయల్దేరితే అమ్మాయి అడ్డుపడింది, నాన్నా ముట్టుకోకు, దాని గొంతు బాగుంది అని. తలుపుకి గొంతేమిటని నేను. ఇప్పుడు అదే తలుపు ఆ చచ్చినవాడి మెడలో కూర్చుని తెరుచుకుంటోంది. నాకు నవ్వొచ్చింది. ఆ తరువాత వాడు బస్సులోని మనిషి మీద పడ్డప్పుడు ఎముకలు విరిగిన చప్పుడు, అది క్యాబేజీ. క్యాబేజీని తడిగుడ్డలో చుట్టి మా వంటింటి గట్టు మీద మోచేత్తో నొక్కితే వచ్చేది. ఊళ్లో జనం భయపడి దుప్పటి కప్పుకునే చప్పుడు అది, నాకు మాత్రం ఆ రోజు రెండు పూటలా క్యాబేజీ తినాల్సొచ్చిన సంగతి గుర్తొస్తుంది.

తెర మీది బొమ్మలకి చప్పుళ్లు చేయడం అమ్మాయి పని. షూటింగులో మాటలు మాత్రమే సరిగ్గా పడతాయట, అడుగుల చప్పుడు, గుడ్డల రాపిడి, తలుపులు, దెబ్బలు, అన్నీ తరువాత ఒక గదిలో కూర్చుని చేయాలి. ఆ చదువు చదువుతానన్నప్పుడు ఇదేం చదువని నేను గొణిగాను, ఆయన మాత్రం చెవి తుడుచుకుని, "మన ఇంట్లో చప్పుడు చేసేవాళ్లకి జీతం ఇస్తారంటే మీ అమ్మకే ముందు ఇవ్వాలి," అన్నాడు. ఆయన రాళ్లు కోసేవాడు. ఇళ్లకి వంటింటి గట్ల రాళ్లు కొలిచి, కోసి, అంచులు నునుపు చేసే షాపు. పెద్ద చక్రం రంపం కింద ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. సాయంత్రం ఇంటికొస్తే కనుబొమల మీద, చెవుల మడతల్లో తెల్లటి పొడి, తలంటుకున్నా పోయేది కాదు. పైకి కనపడేదాన్ని నేను తుడిచాను. లోపలికి వెళ్లినదాన్ని ఎవరు తుడుస్తారు. డాక్టరు ఫిల్ము వెలుతురుకి పట్టి చూపించినప్పుడు ఊపిరితిత్తుల్లో సన్నగా, చల్లినట్టు, అచ్చం ఆ పొడే. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "మంచి రాయి," అన్నాడు.

మా గట్టు కూడా ఆయన కోసిందే. ఒక మూల మిగతా మూడింటిలా ఉండదు, బాగా గుండ్రంగా ఉంటుంది. అమ్మాయి నడక నేర్చే రోజుల్లో నుదురు తగులుతుందని ఒక ఆదివారం ఇంట్లోనే నీళ్లు పోస్తూ అరగదీశాడు. ఇప్పుడు ఆ మూల మా అమ్మాయి నడుము దగ్గరికి వస్తుంది. నేను దాని మీద పిడికిలి ఆనించి నిలబడతాను. ఏం ఆలోచిస్తున్నాను, ఎపిసోడ్ నడుస్తోంది, పదిహేను నిమిషాలు అయిపోయింది. ఒక బడి భవనం, బల్లలు అడ్డంగా పేర్చిన తలుపులు, లోపల ఓ ఇరవైమంది. అందులో ఒక దర్జీ, నా వయసుదే, నీళ్ల గుడ్డలు కుట్టేది. చినుకంత చప్పుడు కాకుండా నీళ్లు పీల్చుకునే దళసరి గుడ్డలు. ఆమె సూది కదులుతుంటే టక్కు టక్కుమని వస్తోంది. అది మా దుప్పటి, దబ్బనం. ఆమె మొగుడు బావులు తవ్వేవాడు, ఇప్పుడు బావులేవీ లేవు కాబట్టి గోడలు తవ్వుతుంటాడు, బయటికి దారులు చేస్తాడు. భార్యాభర్తలు ఒకరినొకరు పెద్దగా చూసుకోరు. ఆమె గుడ్డ అందిస్తుంది, అతను చప్పరించి తిరిగి ఇస్తాడు. అంతే. నాకు ఆ అంతే నచ్చింది. ఈ రాసినవాళ్లకి పెళ్లయిందనుకుంటాను.

ఆయన ఊపిరి ఎలా ఉండేదో నేను ఎవరికీ చెప్పలేదు, అడిగినా చెప్పలేను. లోపలికి పోయేటప్పుడు పొడి ఇసుక మీద గోనె లాగినట్టు, బయటికి వచ్చేటప్పుడు సన్నగా, ఎక్కడో ఈల ఊదడం మరిచిపోయినట్టు. రెండింటికీ మధ్య ఒక ఖాళీ. ఆ ఖాళీయే. మొదట్లో దాన్ని నేను లెక్కపెట్టేదాన్ని, ఒకటి, రెండు, మూడు, వచ్చింది. తరువాత నాలుగు. ఐదు. ఇంక చేయగలిగింది లేదు, ఇంటికి తీసుకెళ్లండి అన్నాక అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది, వచ్చినప్పుడు సంచిలో ఆ అరచేతిలో పట్టే రికార్డరు ఉంది, అది లేకుండా పిల్ల బాత్రూముకి కూడా వెళ్లదు. తీయలేదు పాపం. ఆయనే అడిగాడు. రెండో రోజు మధ్యాహ్నం దిండుకి ఆనుకుని, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, "అమ్మాయ్. ఇది రికార్డు చేసుకో. క్యాబేజీతో రాదు ఇలాంటిది," అన్నాడు. అది మొహం తిప్పుకుంది. "ఏడవకు, నీళ్ల చప్పుడుకి వస్తారు," అన్నాడు. అప్పటికే దాని సీరియల్ కథ మొత్తం చెప్పించుకుని ఉన్నాడు మరి. ఆ రోజు నుంచి రికార్డరు మంచం కింద చెక్కమీద ఉండేది, అదీ ఆయన పెట్టించిందే. ఉందా, తిరుగుతోందా అని అడిగేవాడు. ముప్పై ఏళ్లు రంపం చప్పుడు తప్ప ఇంకేమీ వినని మనిషి, ఎవరైనా తన చప్పుడు వింటున్నారంటే ఇష్టమేమో. ఏమో, నేను అడగలేదు.

గోడలు తవ్వే ఆ మొగుడు తవ్విన కంతలోంచి చేయి బయటికి పెట్టాడు. పెట్టొద్దని నేను పైకే అన్నాను, హెడ్‌ఫోన్లలో నా గొంతు నాకే వేరేగా వినపడింది. ఎండిన వేళ్లు నాలుగు అతని మణికట్టు పట్టుకున్నాయి. ఇక అంతే, వాళ్లు తాకితే లోపలి తడంతా పోతుంది, ప్రాణం పోవడానికి ఒక పూట పడుతుంది. బడిలో వాళ్లకొక పద్ధతి ఉంది. అలా అయినవాళ్లని ఒక గదిలో పెట్టి బయట గడియ వేస్తారు, కావలసినవాళ్లు ఒకరు తలుపుకి వీపు ఆనించి కూర్చుని లోపలి ఊపిరి వింటారు. ఊపిరి ఆగగానే పై గడియ కూడా వేయాలి. ఎందుకంటే ఆగిన కాసేపటికి మళ్లీ మొదలవుతుంది, మొదలయ్యేది అతనిది కాదు. దర్జీ తనే లోపల దీపం పెట్టి, తనే బయటికొచ్చి, తనే గడియ వేసి కూర్చుంది. చేతిలో కుట్టు అలాగే ఉంది. మూడూ ఇరవై ఆరు. ఇక్కడే అని తెలిసిపోయింది.

వచ్చింది. ఇసుక మీద గోనె. ఆగింది. ఈల.

ఎలా చెప్పను, తెర మీద ఆ బావుల మనిషి కనపడటం లేదు, తలుపే కనపడుతోంది, తలుపుకి ఆనుకున్న ఆడమనిషి వీపు కనపడుతోంది, తలుపు వెనకాల మా ఆయన ఉన్నాడు. నేను భయపడ్డట్టు చచ్చినవాడి నోట్లో కాదు, చావబోయే మనిషి దగ్గర పెట్టింది అమ్మాయి. ఎక్కడన్నది తప్ప మిగతాది పొద్దున చెప్పింది, కావాలని పెట్టలేదట. వాళ్ల పనిలో సరైన చప్పుడు దొరికేదాకా చేతికి అందింది ఏదో ఒకటి తాత్కాలికంగా వేసి ఉంచుతారు, ఖాళీ ఉండకూడదని. ఒకరోజు ఒంటరిగా గదిలో కూర్చుని ఇది వేసి చూసింది, తీసేద్దామనుకుంటూనే ఇంటికి వెళ్లిపోయింది, తెల్లారి డైరెక్టరు వచ్చి విని, ఇది తప్ప ఇంకేదీ వద్దన్నాడు. ఎవరిదని అడిగితే తెలిసినాయనదని చెప్పిందట. తెలిసినాయన.

ఇసుక. ఆగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. దర్జీ తల తలుపుకి ఆనించి కళ్లు మూసుకుంది. నేనూ మూసుకున్నాను. బొమ్మ పోయాక మిగతావి వినపడ్డాయి. ఊపిరి వెనకాల, చాలా దూరంగా, గోడ అవతల, సన్నటి ధార. ధార ఆగింది, గిన్నె గిన్నెకి తగిలింది, మళ్లీ ధార. బల్ల మీద చేతులు ఆనించి లేవబోయాను, వంటింట్లో కుళాయి కట్టలేదనుకున్నాను. కట్టే ఉంది. ఆ కుళాయి ఇక్కడిది కాదు, ఆ రోజుది. పదకొండు నెలల కిందట ఒక పొద్దున నేను తిప్పింది.

ఆ పొద్దున సంగతి మా ఆడపడుచు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆయనకి అక్క, పెద్దావిడ, ఆయన్ని ఎత్తుకు పెంచింది, ఆవిడ బాధ ఆవిడది. కబురు తెలిసి వచ్చాక అందరూ ఉండగా అడిగింది, "నువ్వెక్కడున్నావే అప్పుడు?" అని. వంటింట్లో అన్నాను. "ఏం చేస్తున్నావు?" గిన్నెలు కడుగుతున్నానన్నాను. "ఆఖరికి ఆ నిమిషంలో కూడా గిన్నెలేనా నీకు," అంది. మెల్లగానే అంది. గదిలో అందరూ నేల చూశారు. అమ్మాయి తెల్లవారుజాము దాకా మేలుకుని ముందుగదిలో నిద్రపోయింది, దాన్ని ఎవరూ ఏమీ అనలేదు, అనకూడదు కూడా. నేను ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. కొన్ని మాటలు చెప్తే మనల్ని మనం కాపాడుకోవడానికి అల్లినట్టుంటాయి.

ఇసుక. ఈల ఇంకా సన్నగా. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఇసుక. ధార. గిన్నె. తెర మీద దర్జీ సూది ఆగిపోయింది. ఒకటి, రెండు. ఎక్కడిదాకా లెక్కపెట్టానో తెలియదు. ఊపిరి రాలేదు, ధార మాత్రం వస్తూనే ఉంది. ఆమె లేచి పై గడియ వేసింది, ఆ గడియ మా వెనక గుమ్మానిది, దాంతోపాటే ధార తెగిపోయింది. చప్పుడు లేకుండా కొంతసేపు. తరువాత తలుపు అవతల మళ్లీ మొదలైంది, అది ఆయనది కాదు, కిర్రుమంది, స్టోరు గది అల్మరా. దర్జీ చేతిలో గుడ్డ ముడుచుకుని నడిచి వెళ్లిపోయింది. ఇంకా ఏవో జరిగాయి, పరుగులు, మంట, ఎవరో పిల్లని ఎత్తుకున్నారు. నేను కళ్లు తెరిచే ఉన్నాను.

నా మనసు ఒక పిచ్చి చోట చిక్కుకుంది. తొమ్మిదేళ్లుగా నీళ్లు లేని లోకం, చుక్క చప్పుడైతే చచ్చినవాళ్లు వచ్చే లోకం, అందులో ఎవరో హాయిగా కుళాయి తిప్పి గిన్నెలు కడుక్కుంటున్నారు. ఇది తప్పు. చెప్పు ఎడమదా కుడిదా అని అడుగు చప్పుడు మార్చే పిల్ల, ఇంత తప్పు ఎలా వదిలేసింది. మూడూ నలభై నాలుగుకి ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"విన్నావా?"

"విన్నాను. అందులో తప్పుంది," అన్నాను. "వెనకాల కుళాయి వస్తోంది."

అటు కుర్చీ జరిగింది. "తెలుసమ్మా. తీసేద్దామని రెండు రోజులు కూర్చున్నా. కుళాయి తీస్తే ఊపిరి పోతోంది. ఒకదాన్నొకటి పట్టుకునున్నాయి."

"మీ డైరెక్టరు ఏమన్నాడు?"

"ఆయనకి వినపడలేదు. ఇక్కడ ఎవరికీ వినపడలేదు. నీకు వినపడుతుందనే భయపడ్డా. ఒకటి అడగనా? ఆ గిన్నెలు కడిగినవే కదా."

వంటింటి గుమ్మం వైపు తిరిగాను.

"పీచు చప్పుడు లేదమ్మా," అంది, దాని పని గొంతుతో, నెమ్మదిగా. "నీళ్లు, గిన్నె, నీళ్లు, గిన్నె. మొత్తం విన్నాను. ఒక్కసారి కూడా రుద్దలేదు నువ్వు. అంట్లు కావు అవి."

పెళ్లయిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆయన పడుకుంటే చప్పుడవుతుందని గిన్నెలు ఆపాను. గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు, కళ్లు నలుపుకుంటూ. ఆపావేం, నువ్వు ఆపితే మెలకువ వచ్చేస్తోంది అన్నాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని రెండు రోజులు మాట్లాడలేదు. వెక్కిరింత కాదు. రంపం పక్కన బతికినవాడికి నిశ్శబ్దంలో నిద్ర రాదు, ఏదో మిషను ఆగిపోయిందని లేచి కూర్చుంటాడు. ఆ రోజు పొద్దున తొమ్మిదిన్నరకి, నాలుగు రోజులుగా నిద్ర లేని ఆయనకి కాస్త కునుకు పట్టింది. అంట్లు అప్పటికే అయిపోయాయి. అల్మరాలోంచి కడిగినవి దించి మళ్లీ కడిగాను, అవి అయిపోతే మొదటివే మళ్లీ తీశాను.

"చప్పుడుంటేనే నిద్ర మీ నాన్నకి," అన్నాను.

"ఊ."

"ఎంతసేపటికి కట్టాను కుళాయి? ఆయన ఆగాక."

చెప్పదేమో అనుకున్నాను. "ఆరు నిమిషాలు," అంది. ఒక నిమిషం అని అబద్ధమాడలేదు, అందుకు దానిమీద నాకు గౌరవం కలిగింది. పదకొండు నెలలుగా నేను దాన్ని ఒకసారి క్షణం చేసుకున్నాను, ఒకసారి అరగంట చేసుకున్నాను. ఆరు నిమిషాలు. మూడు గిన్నెలు, మూతలు, గరిటెలు. ఆరు నిమిషాలు ఆయనకి నిద్ర చెడకుండా చూసుకున్నాను.

"అత్తకి ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తే ఆవిడకి ఏం ఒరుగుతుంది. గోడ గడియారం చూడు, నీకు టైమవుతోంది."

"నువ్వు చెప్పాలి కదా. తీసేయనా?"

"ఉండనీ."

"రెండూనా?"

"రెండూ."

"ఎవరో ఒకరు పట్టుకుంటారు," అంది. ముక్కు ఎగబీల్చింది, నవ్వో ఏడుపో తెలియలేదు. "ఆ కుళాయి చప్పుడుకి చచ్చినవాళ్లు రావాలి కదా అంటారు."

"రానీ," అన్నాను.

హెడ్‌ఫోన్లు తీసి పెట్టాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో తెలిసింది. నాలుగు కావడానికి ఇంకా తొమ్మిది నిమిషాలు. ఆయన గది తలుపు దగ్గరగా వేసి ఉంటే బార్లా తీసి, గాలికి పడకుండా పీట అడ్డం పెట్టాను. వంటింట్లోకి వెళ్లి నానిన గిన్నెలు పీచు పెట్టి తోమి, కడిగి, బోర్లించాను. గట్టు తుడిచాను, గుండ్రటి మూల కూడా. అన్నీ అయిపోయాయి. కుళాయి మాత్రం కట్టలేదు. అల్మరా తెరిచి, కడిగి పెట్టిన గిన్నె ఒకటి దించి, ధార కింద పట్టాను.